కాచని డప్పులు

నిన్న మళ్లీ మా హాస్పిటల్ మూడో అంతస్తులో ప్లాస్టిక్ డప్పుల చప్పుడు వినబడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. గాజు తలుపు మీద 'వాయిద్యంతో ఆరోగ్యం' అని పోస్టరు. లోపల ఏసీ, ఫినాయిల్ వాసన. కాలిన కాగితం వాసన మాత్రం లేదు. ఆ వాసన లేకుండా డప్పు మోగడమేమిటని ఖాదర్ చాచా ఉంటే అడిగేవాడు. చాచా పోయి ఏడాది దాటింది.

మా వారు పోయాక నేను గుంటూరు వెళ్లిపోకుండా పాతబస్తీ గౌలిపురలో మా అద్దె ఇంట్లోనే ఉండిపోయాను. హాస్పిటల్ ఆఫీసు, ఇల్లు, మళ్లీ ఆఫీసు. ఎవరైనా పలకరిస్తే ఏడుపొస్తుందని తల వంచుకుని నడిచేదాన్ని. ప్రతి ఆదివారం పొద్దున మా ఇంటి కింద ఖాళీ జాగాలో డప్పులు మోగేవి. ఒక వారం ఇక ఓపిక నశించి దిగి వెళ్లాను. మధ్యలో జహనుమా బస్తీ నుంచి వచ్చిన ముసలాయన, ఖాదర్ చాచా. వయసంతా పెళ్లి బరాత్‌లలో మర్ఫా డప్పు వాయించిన మనిషి. "పొద్దున్నే ఏంటండీ ఈ గోల? ఇళ్లలో మనుషులున్నారనుకోరా?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "లొల్లి చెయ్యనీకే వచ్చినవు గద బేటీ. దీంట్ల చెయ్యి," అని ఒక డప్పు చేతిలో పెట్టాడు. కోపంతో ఒక్కటి వేశాను. తడిగుడ్డ మీద కొట్టినట్టు వినబడింది. "తోలు చల్లగుంది. ముందుగాల కాచాలె," అన్నాడు చాచా.

ఆ కాచడంలోనే ఉంది అంతా. పాత పేపర్లు, ఎండుగడ్డి వేసి మంట పెట్టేవాళ్లు. పదిమందిమి చుట్టూ కూర్చుని డప్పులు సెగకు పట్టి తిప్పేవాళ్లం. అందరి కళ్లూ మంట మీదే కనుక ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. చాచా ఎవరినీ బాధేమిటని అడిగేవాడు కాదు. "ఈ వారం ఎట్ల గడిచింది?" అని మంటను అడిగినట్టు అడిగేవాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన పాల యాదన్న తన సంగతి చెప్పేవాడు, ఇంకొకరు అందుకునేవారు. దానికే అరగంట పైన పట్టేది. వాయించడం ఆ తర్వాత పావుగంట. మూడో ఆదివారం నా నోరు పెగిలింది. "ఆయన షర్టులు ఇంకా ఉతికి ఆరేస్తున్నాను చాచా," అన్నాను. ఎవరూ అయ్యో అనలేదు. యాదన్న తన డప్పు కాస్త పక్కకు జరిపి నా డప్పుకు సెగ తగలనిచ్చాడు. ఆ రోజు అరచేతులు ఎర్రబడేదాకా వాయించాను. చాలా నెలల తర్వాత అన్నం రుచి తెలిసింది.

ఈ మంచి పదిమందికీ అందాలని నేనే ఆఫీసులో చెప్పాను. "ఒక్క పేజీలో రాసివ్వండి," అంది మేనేజరమ్మ. రాశాను. పై అధికారుల కళ్లకు నాజూగ్గా కనబడాలని ఆ కాచే అరగంటను వృథా సమయం కింద కొట్టేశాను. ఆ గీత గీసిన చెయ్యి నాది, ఎవరి మీదకో తోసెయ్యలేను. "మీరే నేర్పుతారు చాచా," అని మాటిచ్చి మొదటి రోజు ఆయన్ని పిలిచాను. ఇస్త్రీ షేర్వాణీలో వచ్చాడు. ఏసీ హాల్లో తన డప్పును తట్టి చూసుకుని, "కాచుకునే జాగ యాడుంది మేడం?" అని అడిగాడు. "పొగొస్తే అలారం మోగుతుందండీ. మా డప్పులకు ఆ అవస్థ లేదు," అని మేనేజరమ్మ నవ్వింది. మూడు రోజుల శిక్షణ పొందిన మాస్టరొకాయన చాచా డప్పు మీద వేలితో కొట్టి, "ఇందులో సౌండే లేదు," అని కుర్చీ కిందకు తోశాడు. బరాత్ మొత్తాన్ని ఆడించిన డప్పు అది. నేను అక్కడే ఉండి హాజరు కాగితాలు సర్దుకున్నాను.

గేటు దాకా వెంట వెళ్లాను. "నువ్వు రాసిన కాయితంల మంట లేదా బేటీ?" అన్నాడు.

"లేదు చాచా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. చనిపోయే ముందు ఆ డప్పు నాకే ఇమ్మని ఇంట్లో చెప్పాడట. ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే.

ఇవాళ పొద్దున ఆ డప్పు పట్టుకుని హాస్పిటల్ వెనక గేటు బయట, టీ బండి పక్కన కూర్చున్నాను. పాత పేపర్లు ముట్టించాను. "మేడం, ఎవరన్నా చూస్తే లొల్లి అయితది," అన్నాడు వాచ్‌మన్. నా పేరే చెప్పమన్నాను. అక్కడ లోపలి రోగుల తాలూకు వాళ్లు టీ గ్లాసులతో నిలబడి ఉన్నారు. ఒకామె దగ్గరకొచ్చి చేతులు సెగకు చాపింది.

"ఈ వారం ఎలా గడిచింది?" అని మంటను చూస్తూ అడిగాను.

ఆమె అరచేతులు తిప్పి సెగకు పెట్టింది. తర్వాత, "మా ఆయన ఐసీయూల ఉన్నడు. ఇంట్ల ఇంక చెప్పలే," అంది.

డప్పు కాస్త పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చాను. పై అంతస్తు నుంచి మేనేజరమ్మ చేస్తుంటే నా ఫోను మోగుతూనే ఉంది. తోలు కాగేదాకా లేవలేదు.