నీళ్లపాలు కాని మంత్రాలు

మంచిర్యాల చుట్టుపక్కల మంత్రగాడెవరైనా పోతే, పదో దినం నాడు గోదావరి ఒడ్డున కొండల్‌రావు కనబడతాడు. ఇంట్లో ఉంచుకోవడానికి జంకి, పోయినవాడి కొడుకులు ఆయన మంత్రాల పుస్తకాలను నీళ్లలో వదలబోతుంటే, "జర ఆగుండ్రి, నాకియ్యుండ్రి" అని చేతులు చాస్తాడు. కండువాలో చుట్టి తెచ్చుకుని, మొదటి పేజీలో పోయినవాడి పేరు రాసి బీరువాలో పెడతాడు. ఎన్నడూ ఒక్క మంత్రం జపించి చూడలేదు. ఒక మనిషి బతుకంతా నమ్మింది నీళ్లపాలు కావొద్దని ఆయన తపన.

మొన్న మనవరాలి ఒళ్లు కాలిపోతుంటే భార్య ప్రమోదిని ఆయన్ను నిలదీసింది. "గిన్ని పుస్తకాలు జమ చేసిండ్రు. జరం దిగే మంత్రం ఒక్కటన్న లేదా?" ఉంది. తీసి తెరిచాడు. మొదటి పేజీలో తన చేతిరాతతోనే పేరుంది: పోచమల్లు.

"పోచమల్లు జరంతోనే పోయిండు. ఆటోను పిలువు, దవాఖానకు పోదాం" అంటూనే, పుస్తకాన్ని కళ్లకద్దుకుని బీరువాలో పెట్టాడు.