మానినవాడికి పాత కొలత

ఆ ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా ఆయన రాళ్లు కొట్టే పని వదిలేసి వణుక్కుంటూ ఇంటికొచ్చాడు. ముక్కు కారుతోంది. ఆవులింత మీద ఆవులింత. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్లు తాకి చూస్తే జ్వరం లేదు. ఇదేదో వేరే రోగమనిపించింది నాకు.

"దుకాణం బంద్ ఉన్నదే. అఫీము దొరకలే," అన్నాడు.

అంతకుముందు ఏడు బండరాయి జారి నడుము దెబ్బతింటే నొప్పికని ఆ నల్లమందు మొదలుపెట్టాడు. మా శంషాబాదు దిక్కున అది కొత్తేం కాదు. కలుపుకు పోయే తల్లులు పసివాళ్ల నాలుకకు ఇంత రాసి పడుకోబెడతారు. గింజలతోనే కొలత. ఈయన జొన్నగింజంతతో మొదలుపెట్టి శనగగింజంత దాకా వచ్చాడు. నొప్పి పోయింది, అఫీము పోలేదు. తిండి సయించదు, విరేచనం కాదు, మొహం పీక్కుపోయింది.

మా వదినె, అంటే ఆయన అక్క, మాతోనే ఉండేది. తల్లి పోయాక ఆయనను సాకింది ఆమే. "తమ్మీ, నువ్వు గిట్లనే ఉంటె నేను చూడలేను, పట్నం దవాఖానకు పో," అని ఏడ్చి పట్టుబట్టింది. ఉందానగర్‌లో రైలెక్కి కాచిగూడలో దిగాం.

ఎక్స్‌రే తీశారు. "నడుము మంచిగనే ఉందమ్మా. ఇది ఓపియం హ్యాబిట్. ఒక్కసారే బంద్ చేస్తె తట్టుకోడు. డోస్ జర జర తగ్గిస్తం," అన్నాడు డాక్టరు. వార్డులో చేర్చుకున్నారు.

డోస్ తగ్గే కొద్దీ మనిషి మనిషిలా లేడు. వాంతులు, విరేచనాలు. కాళ్లు మంచానికేసి కొట్టుకునేవాడు. నన్ను తిట్టాడు, నా పుట్టింటిని తిట్టాడు. ఒకసారి పారిపోతే గేటు దగ్గర పట్టుకొచ్చారు. మళ్లీ మొదటినుంచి. చివరికి ఒకరోజు గంజి తాగి నవ్వాడు. "అత్తగారిల్లు లెక్కనే ఉందే! తిండి పెడ్తరు, బయటకు పోనియ్యరు," అన్నాడు. ఆ నవ్వు చూసి మొగుడు దక్కాడనుకున్నాను.

డిశ్చార్జ్ చేస్తూ, "మళ్ల ముట్టొద్దు" అన్నాడు డాక్టరు. ముడితే పాత రోగం తిరగబెడుతుందనుకున్నాం. ప్రాణమే పోతుందని మాకు తెలియదు.

వానలు పడేదాకా బాగున్నాడు. జొన్నరొట్టె అడిగి తిన్నాడు, పనికి పోయాడు. వానల్లో కడుపునొప్పి, రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. నేను నాట్లకు పోయిన పూట ఆయన నొప్పికి మెలికలు తిరిగిపోతుంటే వదినె చూడలేకపోయింది.

నేను ఇంటికొచ్చేసరికి ఆమె గడపలో కూచుని ఉంది. "లేపకు పిల్లా. ఇన్ని దినాలకు కంటినిండ పండుకున్నడు."

గొంతులో నీళ్లున్నట్టు గురక. పెదవులు నల్లబడ్డాయి. కుదిపాను. కట్టుకున్నప్పటినుంచి ఎన్నడూ నోట పలకని పేరు పెట్టి పిలిచాను. కన్ను తెరవలేదు.

బండి కట్టించుకుని దగ్గరి దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు కనురెప్ప ఎత్తి చూశాడు. కనుపాప సూదిమొనంత ఉంది. "అఫీము ఎంత ఇచ్చిన్రు?"

"ఎప్పటి లెక్కనే సారూ, శనగగింజంత. జర్రంత గూడ ఎక్కువ ఇయ్యలే," అంది వదినె.

"ఎప్పటిదే ఇచ్చినవు తల్లీ, గని ఆ ఒళ్లు ఎప్పటిది కాదు. మానినంక తట్టుకునే బలం పోతది."

పొద్దు గూకకముందే పోయాడు.

ఇప్పుడు నేనూ వదినె ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను కూలికి పోతాను, ఆమె వండుతుంది. ఆమెను నేనొక్క మాట అనలేదు. అంటే ఏమొస్తుంది? ఆమె అన్నం ముందు కూచుని కలుపుతూనే ఉంటుంది, తినదు. "నన్ను తిట్టరాదే," అంటుంది. నాకు తిట్టు రాదు, ఏడుపూ రాదు. చేలో పసివాళ్లకు అఫీము రాయొద్దంటే, "నీ మొగడు పోతె మా పిల్లల మీద పడ్డవేంది?" అని ఆడవాళ్లు ఎగతాళి చేస్తారు. ఎవరూ మానలేదు.

నాకు రాత రాదు, చెప్పి రాయిస్తున్నాను. మీ ఇంట్లో అఫీము మానినవాళ్లుంటే, ఎంత నొప్పితో ఏడ్చినా పాత కొలత ఇవ్వకండి. దవాఖానకు తీసుకుపోయి, ఒకప్పుడు తిని మానాడని మొదటే చెప్పండి. అప్పటికే ఎవరైనా ఇచ్చి ఉంటే, హాయిగా నిద్రపోతున్నాడని వదిలేయకండి. కుదిపి లేపండి. లేవకపోతే అప్పుడే బండి కట్టండి.