ఆయమ్మ నేర్పిన కొట్లాట

నా చిన్నప్పుడు మా లైన్లలో మంచి మాట వినాలంటే ఆదివారం దాకా ఆగాల్సిందే. మిగతా రోజులన్నీ తిట్లే. చెన్నూరు దిక్కున, గోదావరికి కాస్త ఎడంగా, మిషన్ దవాఖాన వెనక వరసగా కట్టిన పెంకుటిళ్లను లైన్లు అనేవాళ్లు. దవాఖాన ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, తోటమాలీలు అందరం అక్కడే. నిజాం రాజ్యం పోయింది, కొత్త రాజ్యం ఇంకా కుదురుకోలేదు అని పెద్దలు చెప్పుకుంటుంటే వినేదాన్ని. మా లైన్లలో మాత్రం రాజ్యం ఎప్పుడూ నోరున్నవాళ్లదే. ఆ లెక్కన మా అవ్వ, అంటే మా అమ్మ, ఒక రాణి, పక్కింటి చిన్నమ్మ ఇంకో రాణి. రెండు రాజ్యాలకూ నడుమ కట్టెలతో అల్లిన ఒక దడి.

ఆ చిన్నమ్మకు నా ఈడు కూతురు ఉండేది. ఆ పిల్లంటే నాకు ఒళ్లు మంట. ఎందుకు మంట అంటే చెప్పలేను. అవ్వలకు పడదు, అందుకని మాకూ పడదు. అది నడిస్తే నడక బాగాలేదనిపించేది, నవ్వితే పళ్లు బాగాలేవనిపించేది. దానికీ నా మీద అంతే ప్రేమ.

మేకపిల్ల సంగతి వచ్చాక ఆ మంట మీద నూనె పోసినట్టయింది. మా దిక్కున మేకను పాలుకు ఇవ్వడం అని ఒక పద్ధతి ఉంది. మేక ఒకళ్లది, మేపేది ఇంకొకళ్లు. ఒక ఈతలో పుట్టిన పిల్ల మేక గలవాళ్లకు, తర్వాతి ఈత పిల్ల మేపినవాళ్లకు. పక్కింటి చిన్నమ్మ తన మేకను మాకు అట్లా పాలుకు ఇచ్చింది. అప్పటికి ఇంకా మాటలున్నాయి. మొదటి ఈత పిల్ల వాళ్ల వంతు. అది పుట్టిన వారంలోనే చచ్చిపోయింది. రెండో ఈతలో నల్లగా, నుదుట తెల్ల మచ్చతో బంగారంలాంటి పిల్ల పుట్టింది. అది మాది అని అవ్వ, కాదు మాది అని చిన్నమ్మ.

"సచ్చింది లెక్కల రాదు. నాకు దక్కిందేంది? ఏం దక్కలే. గీ పిల్ల నాదే" అని చిన్నమ్మ దడి మీద నుంచి అరిచింది.

"నీ పిల్ల సచ్చిందంటే అది నీ నసీబు. నా వంతు నాకద్దా?" అని అవ్వ ఇటు నుంచి అరిచింది.

అరుపులు తిట్లయ్యాయి, తిట్లు శాపాలయ్యాయి. తోటమాలీ పని చేసే నాన్న, మా బాపు, ఆడవాళ్ల లొల్లిలో దూరను అని దవాఖాన తోటకు వెళ్లిపోయాడు. ఆఖరికి చిన్నమ్మ వచ్చి తల్లిమేకను తాడు పట్టి గుంజుకుపోయింది. అవ్వ పిల్లను చంకన పెట్టుకుని గడపలో నిలబడి, "మ్యాక నీదైతే తీస్కపో. పిల్లను ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది" అంది. అట్లా తల్లి అవతలికీ పిల్ల ఇవతలికీ అయింది. అటు అది అరుస్తుంటే ఇటు ఇది అరిచేది. అవ్వ బర్రెపాలలో గుడ్డ ముంచి పిల్ల నోట్లో పెడితే అది రెండు చుక్కలు చీకి మూతి తిప్పుకునేది.

మా ఇద్దరికీ అదే రోజు కటీఫ్ అయింది. ఒక్క మాట కూడా మాట్లాడుకోవద్దని చిటికెన వేళ్లు విడగొట్టుకుని ఒట్టేసుకున్నాం. కానీ కొట్లాట ఎట్లా ఆగుతుంది? అందుకని ఒకళ్లకొకళ్లం చెప్పకుండా గాలికి చెప్పినట్టు తిట్టుకునేవాళ్లం. ఎండాకాలం సెలవులు, వేరే పని లేదు. నీడ ఉన్నది ఆయమ్మ అరుగు మీదే కాబట్టి ఈ లొల్లి అంతా అక్కడే.

ఆయమ్మ లైన్లలో చివరి ఇంట్లో ఉండేది. ఒంటరి మనిషి. పూర్వం ఒక డాక్టరు దొర కుటుంబంతో, వాళ్ల పాపను ఎత్తుకునే ఆయాగా, ఓడెక్కి సముద్రం అవతల గోల్డ్ కోస్ట్ అనే దేశం పోయి చాలా ఏళ్లుండి వచ్చింది. ఆ దేశాన్నే ఇప్పుడు ఘనా అంటున్నారు. అక్కడి వాళ్ల త్వి భాష ఆమెకు వచ్చు. కోపం వస్తే దాంట్లోనే తిట్టేది. కోపం రాని రోజు ఉండేది కాదు. పొగాకు దవడన పెట్టుకుని, ఎవరికీ భయపడకుండా బతికేది. పిల్లలమంటే ఆమెకు ఇష్టమని నేను ఏనాడూ అనుకోలేదు.

ఒకనాడు మా గాలితిట్లు పడలేక చెంబెడు నీళ్లు మా ఇద్దరి మీదా కుమ్మరించింది. "మీ లొల్లికి నా చెవులు చిల్లులు పడ్డయే! నా అరుగు మీద కొట్లాడాల్నంటే నా భాషల కొట్లాడుండ్రి. రాదా? నేర్సుకోండ్రి. నేర్సుకోకుంటే మీ ఇంట్ల మీరు పడుండ్రి" అంది. నీడ పోతుందన్న బాధ కన్నా, పక్కింటి పిల్లను దానికి అర్థమయ్యే కొత్త భాషలో తిట్టొచ్చన్న ఆశ నాకు ఎక్కువైంది. పైగా ఒట్టేసుకునేనాటికి మాకు వచ్చింది తెలుగే కాబట్టి ఆ ఒట్టు తెలుగుకే కదా. కూర్చున్నాను. అదీ కూర్చుంది, దూరంగా.

ఆయమ్మ తన ముక్కు పట్టుకుని "మె హ్వెనె" అంది. నా ముక్కు. చెయ్యి చాచి నా ముక్కు గట్టిగా పిండి "వొ హ్వెనె" అంది. నీ ముక్కు. పక్కింటి పిల్ల కిసుక్కుమంది. వెంటనే దాని ముక్కు ఇంకా గట్టిగా పిండి, నా వైపు చూస్తూ "నె హ్వెనె" అంది. దాని ముక్కు. కళ్లలో నీళ్లు తిరిగేటట్టు నేర్చుకున్న చదువు మరిచిపోతామా? మె అంటే నా, వొ అంటే నీ. నె మాత్రం మొగవాడికీ ఆడదానికీ మేకకూ అందరికీ ఒకటే. మనిషి ముందు, వస్తువు వెనక, అచ్చం మన తెలుగులాగే. మేకను అపొంచె అంటారు. మె పక్కన అపొంచె వస్తే రెండూ కలిసి మపొంచె అవుతుంది. నా మేక. నీ మేక అయితే వపొంచె. మా ఇద్దరికీ సంధి లేదు గానీ ఆ మాటలకు ఉందన్న మాట. యెన్ అంటే మన అని కూడా ఆయమ్మ చెప్పింది. ఆ మాటతో మాకేం పని అని ఇద్దరం దాన్ని పట్టించుకోలేదు.

ఆయమ్మ దగ్గర ఒక దుర్మార్గం ఉండేది. ఇద్దరికీ ఒక మాట వచ్చేదాకా ఇంకో మాట చెప్పేది కాదు. నాకు తొందర. కాదు అనే మాట తెలిస్తే తప్ప నీది కాదు అని చెప్పడం కుదరదు. ఆ పిల్లేమో నె దగ్గర, మె దగ్గర తడబడి కూర్చునేది. దాని మతిమరుపుకు నా తిట్టు ఆగిపోతుంటే నాకు పిచ్చెక్కినట్టుండేది. చివరికి నేనే నా ముక్కు ముట్టుకుని, దాని ముక్కు చూపించి, పళ్లు కొరుకుతూ దానికి వల్లె వేయించాను. మర్నాడు నేను ఒక మాట దగ్గర ఆగిపోతే అది నాకు అందించింది. అందించి, నేను చెప్పగానే వెక్కిరించింది.

ఈ చదువు సాగుతున్న రోజుల్లోనే మేకపిల్ల పీనుగయిపోతూ వచ్చింది. మొదట గంతులు మానేసింది, తర్వాత లేవడం మానేసింది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆయమ్మ అరుగు మీదికి తెచ్చేదాన్ని. అది బతకాలని నాకు ఉంది. అయితే అంతకన్నా ఎక్కువగా అది మాదే అయి బతకాలని ఉంది.

ఒక మధ్యాహ్నం ఆయమ్మ, "ఇగ వచ్చింది మీకు. లేసి కొట్లాడుండ్రి" అంది. నేను లేచి, మేకపిల్లను గట్టిగా పట్టుకుని, పక్కింటి పిల్ల మొహంలో మొహం పెట్టి అరిచాను. "అపొంచె నో యె మె దియ, ఎన్యె వొ దియ!" ఈ మేక నాది, నీది కాదు. అది కూడా అదే మాట నా మొహాన కొట్టింది. నేను మళ్లీ అన్నాను. అది మళ్లీ అంది. వేరే మాటలు రావు. తెలుగులో అయితే దాని తాతముత్తాతల దాకా పోయేదాన్ని. ఇక్కడ ఉన్నది ఆ ఒక్క మాటే. అటూ ఇటూ విసురుకోగా విసురుకోగా మా ఇద్దరి గొంతూ జీరపోయింది.

అప్పుడు ఆయమ్మ పొగాకు ఉమ్మేసి, మేకపిల్ల వైపు గడ్డం చూపించి మెల్లగా అడిగింది. "నె మామె వో హె?"

నె మామె తెలుసు. దాని అమ్మ. మిగతా రెండు మాటలూ ఆమె ఎప్పుడూ చెప్పలేదు, కానీ అర్థమయ్యాయి. దాని అమ్మ ఏది? దడి అవతల నుంచి తల్లిమేక అరుపు వినబడుతోంది. నా చేతుల్లోని మేకపిల్ల నోరు తెరిచింది, చప్పుడు రాలేదు.

ఆయమ్మ గోడ వైపు చూస్తూ చెప్పుకుపోయింది. "గా దేశంల నేను మొదలు నేర్సుకున్న మాట గిదే. తెల్ల పాపను సంకనేసుకుని అంగడికి పోతే, ఆడోళ్లంత గదే అడిగేటోళ్లు. నాకు కోపమొచ్చేది. ఎత్తుకునేది నేను, తినవెట్టేది నేను, నా బిడ్డ అన్నట్టే ఉంటి. ఆళ్లు నన్ను దెప్పుతున్నరనుకున్న. ఆళ్లడిగింది పాప కోసం." ఆ పాపను కాస్త పెద్దయ్యాక ఓడెక్కించి చదువుకు వాళ్ల దేశం పంపేశారని, పంపే ముందు ఆయమ్మకు చెప్పను కూడా చెప్పలేదని మా అవ్వ తర్వాత ఎప్పుడో నాకు చెప్పింది. ఆ రోజు ఆయమ్మ అదేమీ చెప్పలేదు. "పోండ్రి నా అరుగు మీదికెంచి" అని కసిరింది, అంతే.

అవ్వ దవాఖానలో పనికి పోయింది, చిన్నమ్మ కూలికి పోయింది. దడి కింద కుక్కలు దూరే కంత ఒకటి ఉంది. మేకపిల్లను ముందు తోసి నేను వెనకాల దూరాను. శత్రువు ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదలు. తల్లిమేక దగ్గర దించగానే అది పిల్లను వాసన చూసి, కొమ్ములతో ఒక్క కుమ్ము కుమ్మింది. అన్ని రోజులు బర్రెపాల గుడ్డ చీకిన పిల్లకు మా ఇంటి వాసన పట్టింది. తల్లి గుర్తుపట్టలేదు. తన వాకిట్లోంచి వచ్చిన పక్కింటి పిల్ల నన్ను పక్కకు నెట్టి, మేక పొదుగు పిండి ఆ పాలను పిల్ల వీపుకూ తోకకూ పూసింది. గుప్పెడు ఉప్పు తెచ్చి దాని మీద చల్లింది. మేక నాకడం మొదలుపెట్టింది. అయినా పొదుగు దగ్గరికి రానివ్వలేదు. "సో ము!" అని పక్కింటి పిల్ల నాకు మేక కొమ్ములు చూపించింది. గట్టిగా పట్టుకో అని. ఆ మాట ఆయమ్మ మా ముక్కులు పిండేటప్పుడు నేర్పిందే. నేను పట్టుకున్నాను. మేకపిల్ల మోకాళ్ల మీద పడి చీకింది.

రోజూ మధ్యాహ్నం అదే పని. ఒకరు కొమ్ములు పట్టాలి, ఒకరు పిల్లను పట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పనయితే చచ్చినా దాని మొహం చూసేదాన్ని కాదు. ఒట్టు ఒట్టే కాబట్టి ఆ పది మాటలతోనే పని నడిచేది. యెన్ అనే మాట ఇద్దరం ఒక్కసారి కూడా అనలేదు.

ఒకనాడు చిన్నమ్మ కూలి నుంచి తొందరగా వచ్చింది. నేను మేక కింద, మొహం నిండా పాలతో ఉన్నాను. చీపురు లేస్తుందని కళ్లు మూసుకున్నాను. చిన్నమ్మ వచ్చి కూతుర్ని ఒక్క తోపు తోసి, "గట్లనానే పట్టేది? తంతె పిల్ల సస్తది, నీ మొకం మండ" అని తనే కొమ్ములు పట్టుకుంది. పట్టుకున్నంత సేపూ మా అవ్వను తిట్టింది. మా అవ్వను అంత వివరంగా తిట్టినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ పిల్ల తాగుతోంది. అందుకని కదలకుండా ఆ తిట్లన్నీ విన్నాను.

అవ్వకూ తెలిసే ఉంటుంది. దడికి వేలు దూరేంత సందు పడినా సాయంత్రానికి ముళ్లకంప కొట్టే మనిషి, రోజురోజుకూ పెద్దదవుతున్న ఆ కంతను చూసి కూడా చూడనట్టే పోయేది. మాటలు మాత్రం రెండిళ్లకూ మళ్లీ కలవలేదు. మేకపిల్ల ఎవరి వంతన్నదీ తేలలేదు. అది మాత్రం పెరిగింది. బాపుకు వేరే ఊరి దవాఖాన తోటకు బదిలీ అయి మేం వెళ్లిపోయే రోజున అవ్వ దాన్ని దడి అవతలికి తోలి, మెడ తాడు మాత్రం విప్పుకుని తెచ్చుకుంది. తాడు మాది కదా!

ఇప్పుడు నాకు మోకాళ్లు పోయాయి గానీ నోరు పోలేదు. మొన్న మా ఇంట్లో పంచాయితీ జరిగింది. నా కొడుకూ కోడలూ విడిపోతున్నారు. ఇద్దరి తరఫు పెద్దలూ పొద్దున్నుంచి కూర్చుని, నా మనవరాలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి అరుచుకున్నారు. నా బిడ్డ అని వాడు, నా బిడ్డ అని ఆమె. ఆ పసిది తలుపు పక్కన గోడకు ఆనుకుని ఉంది. నాకు తెలియకుండానే నె మామె వో హె అన్న ఆయమ్మ మాట నా నోట్లోంచి వచ్చింది. ముసలిదానికి మతి పోయిందన్నట్టు అందరూ నా వైపు చూశారు.

"పొద్దటిసంది పిల్లకు ఎవరన్న అన్నం వెట్టిండ్రా?" అని తెలుగులో అడిగాను.

గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లాను. నా వెనకే ఇంకో మనిషి వచ్చిన అలికిడైంది. నా కోడలు. నా మొహం చూడకుండా కంచం తీసి కడిగింది. నేను కూడా ఆమె మొహం చూడకుండానే అన్నం వడ్డించాను.