ఓటింగ్ అయ్యేదాకా

నాచారంలో ఉప్పలయ్య సెలూన్‌లో, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజైనా, టీవీలో పార్లమెంటే నడుస్తుంది. గడ్డం గీస్తూనే సభ్యులకు జవాబులు చెబుతుంటాడు. ఓటింగ్ గంట మోగితే మాత్రం కత్తి పక్కన పెట్టి, అక్కడ సభ తలుపులు మూసినట్టే తన షట్టరూ దించేస్తాడు.

ఆ రోజు కార్మికుల పనిగంటలు పెంచే బిల్లు. కుర్చీలో ఫ్యాక్టరీ కార్మికుడు దయాకర్, సగం గీసిన గడ్డంతో.

"షిఫ్టుకు లేటయితాంది మామా, జర కానియ్యి."

"ఓటింగ్ అయ్యేదాంక లోపలోళ్లు లోపల్నే, బయటోళ్లు బయట్నే."

బిల్లు గెలిచింది. ఉప్పలయ్య ఛాతీ విరుచుకుని షట్టరెత్తాడు.

"ఓడిపోతిమి గదా, గీ సంబురమేంది మామా?"

"మన ఎంపీ వద్దనే ఓటేసిండు. దేశమంత సూసింది. గా ఓటుల నువ్వు గూడ ఉన్నవ్ అల్లుడా."

ఉప్పలయ్య మళ్లీ కత్తి అందుకున్నాడు. తల పైకెత్తమని దయాకర్‌కు చెప్పాల్సిన పని పడలేదు.