జూరకాన్ పెట్టని సంతకం

అంతర్జాతీయ సంబంధాల ఎమ్మేలో మేం పదకొండు మందిమి. పదిమందికి ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్లు. పదకొండో ఆవిడ జూరకాన్‌కు నలభై మూడు. మొదటి రోజు ఆవిడ గదిలోకి రాగానే కొత్త లెక్చరర్ అనుకుని మేమంతా లేచి నిలబడ్డాం. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, కూర్చోమని చెయ్యూపి, సరాసరి మొదటి బెంచీలోకి వెళ్లి తలగుడ్డ సర్దుకుంటూ కూర్చుంది. వెనక బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

ఆ తరగతికి లీడర్ని నేను. పేరు బెగాయిమ్. ఈ కథలో తప్పు చేసింది నేనే కాబట్టి చెప్పాల్సింది కూడా నేనే.

జూరకాన్ ఊరు బత్కెన్ ప్రాంతంలో, దేశ సరిహద్దు కంచెకు ఆనుకుని ఉంటుంది. ఆ ఊరి కాలువకు నీళ్లు అవతలి దేశం నుంచి వస్తాయి. ఆ నీళ్లను చేలకూ జల్దారు పళ్ల తోటలకూ వంతులవారీగా పంచే నీరటి ఆవిడ. అంతకుముందు ఆ పని మామగారిది. ఆయన మోకాళ్లు పట్టేశాక ఊరి మగాళ్లే ఆవిడను ఎన్నుకున్నారు. కోడలుపిల్ల కదా, చెప్పినట్టు వింటుందనుకున్నారు. మొదటి వేసవిలోనే, వంతు కాని రోజున నీళ్లకు మడవ తీసుకున్నాడని, సొంత మరిది తోటకు వెళ్లే తూము మూసి తాళం వేసింది. ఆయన ఆ వేసవంతా ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడా పలకరించలేదు. మరుసటేడు మళ్లీ ఆవిడనే ఎన్నుకున్నారు.

అలాంటి మనిషికి ఈ చదువెందుకని మేం చాటున నవ్వుకునేవాళ్లం. ఒకరోజు క్యాంటీన్లో సమ్సా తింటూ తనే చెప్పింది. ఏటా ఏప్రిల్లో రెండు దేశాల అధికారులూ నీళ్ల గురించి సమావేశమవుతారు. లెక్కలు కావాలి కాబట్టి నీరటిని పిలుస్తారు గానీ, బల్ల దగ్గర కాకుండా గోడవారగా వేసిన కుర్చీల్లో కూర్చోబెడతారు. ఒకసారి మన వైపు కుర్ర అధికారి ఒకడు, తూము పన్నెండు గంటలు తెరవాలన్న చోట పన్నెండు రోజులని చదివేశాడు. అవతలివాళ్లు గొడవకు దిగారు. జూరకాన్ లేచి తప్పు సరిచేసింది. గోడవారన కూర్చున్నవాళ్లకు మాట్లాడే హక్కు లేదని సొంతవాళ్లే ఆవిడ నోరు మూయించారు. బల్ల దగ్గర కూర్చోవాలంటే ఏం కావాలని అడిగింది. అంతర్జాతీయ సంబంధాల్లో ఎమ్మే కావాలని ఎవడో వెటకారమాడాడు. అది ఎక్కడ చెబుతారని ఆవిడ అడిగింది. నీటిపారుదల డిగ్రీ ఒకటి ఎప్పుడో దూరవిద్యలో చదివి ఉండటంతో సీటొచ్చింది. అప్పట్నుంచీ వారానికి రెండు రోజులు, తెల్లారకుండా షేర్ టాక్సీ ఎక్కి మా యూనివర్సిటీ ఉన్న ఓష్‌కు వస్తోంది.

రెండో అర్ధ సంవత్సరంలో ఐచ్ఛిక సబ్జెక్టులు ఎంచుకోవాలి. నోటీసు బోర్డు మీద ఆరు పేర్లు పెట్టారు. మూడు ఎంచుకోవచ్చు, అయిదుగురు కోరితే ఏదైనా నడుస్తుంది. ఇదంతా నోటీసు బోర్డు మీది మాట. ఏ లెక్చరర్‌కు ఎన్ని గంటలు రావాలో చూసుకుని, మాకు ఏవి ఇష్టమో మా విభాగాధిపతి దోరొన్‌బెక్ గారు ఆగస్టులోనే తేల్చేసేవారు. జనవరిలో మూడు పేర్లు టైపు చేసిన కాగితం లీడర్ చేతికొచ్చేది. లీడర్ అందరిచేతా సంతకాలు పెట్టించేది. దొరకనివాళ్ల సంతకం తనే పెట్టేది. మాకు ముందు చదివినవాళ్లూ అలాగే ఎంచుకున్నారు, వాళ్లకు ముందువాళ్లూ అంతే.

ఆ జనవరిలో మంచుకు దారి మూసుకుపోయి జూరకాన్ రెండు వారాలు రాలేదు. ఆవిడ సంతకం నేనే పెట్టాను. ఆవిడ ఒక్కదానిదే కాదు, బద్ధకించిన ఏడుగురివి కూడా. అందరి చేతిరాతా నాకు కంఠతా వచ్చు. అదో గొప్పగా ఉండేది నాకు.

ఫిబ్రవరిలో మొదటి ఐచ్ఛిక క్లాసు 'దౌత్య మర్యాదలు'. చెప్పేది దోరొన్‌బెక్ గారే. బల్ల దగ్గర ఎవరు ఎవరి కుడివైపు కూర్చోవాలో బొమ్మ గీసి చూపిస్తున్నారు. జూరకాన్ చెయ్యెత్తింది.

"మరి గోడవారగా కూర్చోబెడతారే, వాళ్ల సంగతేంటి మాస్టారూ?"

"వాళ్లు మర్యాదల లెక్కలోకి రారమ్మా" అన్నారాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

క్లాసయ్యాక ఆవిడ వరండాలో నన్ను పట్టుకుంది. 'సరిహద్దు నదుల చట్టం' ఎప్పుడని అడిగింది. ఆవిడ ఈ చదువుకు వచ్చిందే దానికోసం. అది చెప్పే మమసాలీ మాస్టారికి అరవై ఎనిమిదేళ్లు. ఈ ఏడు ఆ సబ్జెక్టు నడవకపోతే ఆయన్ని ఇంటికి పంపేస్తారని, తర్వాత అది చెప్పేవాళ్లే ఉండరని అందరికీ తెలుసు. అది లేదక్కా, మనం వేరేవి ఎంచుకున్నాం అన్నాను.

"మనం అంటే ఎవరు?"

ఇక దాచలేకపోయాను. దొరకనివాళ్లకు నేనే పెడతానని, ఇక్కడ పద్ధతే అంతని చెప్పాను. ఆవిడ కాగితం చూపించమంది. గుమస్తా దగ్గర ఫైలు తీయించాను. ఆవిడ తన సంతకం మీద వేలు పెట్టింది.

"బాగా పెట్టావు. నేనే పెట్టానేమో అనిపించేట్టు ఉంది. మా ఊళ్లో వంతుల పుస్తకంలో ఒకరి సంతకం ఇంకొకరు పెడితే ఏమవుతుందో తెలుసా? ఆ మనిషి తోట ఎండిపోద్ది. పెట్టినోడి ఇంట్లో పెళ్లికి ఒక్కడూ పోడు."

"ఇది నీళ్లు కాదు కదక్కా, సబ్జెక్టు."

"నాకు రెండూ ఒకటే" అని ఫైలు మూసి గుమస్తాకిచ్చేసింది.

మార్పులకు శుక్రవారం దాకా గడువుంది. మిగతా రెండు రోజులూ ఆవిడ ఊరికి వెళ్లలేదు. చేల గట్ల మీద తిరిగినట్టు హాస్టలు గదులు తిరిగింది. నా పక్షాన ఉండండని ఎవర్నీ అడగలేదు. నీకేం చదవాలనుంది అని మాత్రం అడిగింది. నోటీసు బోర్డు మీద ఆరు పేర్లున్నాయని అక్తాన్ అనే కుర్రాడికి అప్పటిదాకా తెలియనే తెలియదు. మమసాలీ మాస్టారు మార్కుల దగ్గర పిసినారి, చదువు పాడవుతుందని కొందరు తప్పించుకున్నారు. అక్తాన్‌తో కలిపి ముగ్గురు ఒప్పుకున్నారు. ఆవిడతో నలుగురు.

నా దగ్గరికి ఆఖర్న వచ్చింది. చదువవగానే విభాగంలో అసిస్టెంటు ఉద్యోగం ఇప్పిస్తానని దోరొన్‌బెక్ గారు నాకు మాటిచ్చారు, ఆ సంగతి దాచకుండా చెప్పేశాను. బతిమాలుతుందని, నా మొహమాటం మీద ఆడుకుంటుందని బిగుసుకుని కూర్చున్నాను. ఆవిడ తల పంకించింది.

"సరే, నీ ఇష్టం. నేనడుగుతున్నదీ అదే కదా" అని వెళ్లిపోయింది. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. తిట్టినా బాగుండేది.

శుక్రవారం దోరొన్‌బెక్ గారు లీడర్‌గా నన్నూ గదిలోకి పిలిపించారు. జూరకాన్ నాలుగు పేర్ల కాగితం బల్ల మీద పెట్టి నిలబడింది. ఆయన కూర్చోమనలేదు, తనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆయన పేర్లు లెక్కపెట్టి, అయిదుగురు కావాలమ్మా అన్నారు. పైగా జనవరిలోనే అందరూ సంతకాలు చేశారు, ఇప్పుడు మార్చడం కుదరదన్నారు. ఇంతకీ ఇదంతా చదివి ఏం చేస్తారు, రాయబారి అవుతారా అని నవ్వారు.

"అవ్వను. కాలువ దగ్గరికే పోతా. అందుకే ఇది కావాలి."

ఆ జనవరి సంతకం నాది కాదని ఆవిడ ఒక్క మాట అంటే చాలు, నా పని అయిపోతుంది. ఆవిడ నావైపు కూడా చూడలేదు. ఆ మాట ఎత్తలేదు.

"కుదరదని కాగితం మీద రాసివ్వండి. ఎందుక్కుదరదో అది కూడా రాయండి" అంది. నోటిమాట చాలదా అని ఆయన విసుక్కున్నారు. "మా ఊళ్లో నోటిమాట మీద తూము ముయ్యం మాస్టారూ" అంది.

ఆయన చిరాగ్గా కాగితం లాక్కుని నాలుగు వాక్యాలు రాశారు. విద్యార్థులందరూ జనవరిలో తమ ఇష్టపూర్వకంగా ఈ మూడు సబ్జెక్టులను ఎంచుకున్నారని రాసి, కింద తన సంతకం చేసి, నావైపు జరిపారు. లీడర్ కూడా ధ్రువీకరించాలట. కలం కూడా నా చేతికిచ్చారు.

ఎనిమిది మంది సంతకాలు అలవోకగా పెట్టినదాన్ని. నా ఒక్క సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇష్టపూర్వకంగా అన్న మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. ఆవిడ నన్ను కాపాడుతోందని, నేను మాత్రం ఆవిడ చేను ఎండగడుతున్నానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువ కోపం వచ్చింది, ఆయన మీదా నా మీదా.

"నేను పెట్టను సార్. జనవరి కాగితంలో పదకొండు సంతకాల్లో ఎనిమిది నేను పెట్టినవే."

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?"

"తెలుస్తోంది. ఈవిడ కాగితంలో అయిదో పేరు నాది రాసుకోండి."

ఎనిమిది దొంగ సంతకాలున్న ఫైలు పైవాళ్ల కంటపడితే ముందు అడిగేది ఆయన్నే. ఆయన జనవరి కాగితాన్ని ఫైల్లోంచి తీసి సొరుగులో పడేశారు. సోమవారం అందరికీ ఖాళీ కాగితాలిచ్చి మళ్లీ ఎంచుకోమన్నారు. పక్కవాడిది చూసి రాయడానికి అలవాటుపడ్డవాళ్లం, ఆ రోజు అరగంట పట్టింది మాకు. సరిహద్దు నదుల చట్టానికి సరిగ్గా అయిదు పేర్లొచ్చాయి, ఒక్కటి కూడా ఎక్కువ రాలేదు. మమసాలీ మాస్టారి గంటలు నిలిచాయి.

నా లీడరు పదవి ఆ సాయంత్రమే పోయింది. అసిస్టెంటు ఉద్యోగం జూన్లో ఇంకొకరికి ఇచ్చారు. దాని గురించి మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీ.

సోమవారం మెట్లు దిగుతుంటే జూరకాన్‌ను ఆపి, నన్ను క్షమించావా అక్కా అని అడిగాను. థాంక్స్ చెబుతుందేమోనన్న ఆశ కూడా ఎక్కడో ఉంది, అబద్ధమెందుకు. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది, టాక్సీ వేళవుతోంది.

"అది తర్వాత చూద్దాం" అంది. "బుధవారం తొమ్మిదింటికి మొదటి క్లాసు. అయిదుగురిలో ఒక్కరు మానేసినా ఆపేస్తామన్నారంట. నేను నాలుగింటికి లేచి వస్తా. నువ్వు రెండు వీధుల అవతలుంటావు. ఆలస్యమైతే ఊరుకోను."

బుధవారం ఎనిమిదిన్నరకే వెళ్లి కూర్చున్నాను. మొదటి బెంచీలో.