మూడో అంకె

2023 ఆగస్టు. చోడవరంలో ఆ వారమంతా ముసురు వదల్లేదు. బస్టాండుకు దగ్గర్లో నాదొక చిన్న తాళాల దుకాణం. అంతకుముందు పన్నెండేళ్లు విశాఖపట్నంలో బ్యాంకుల సేఫులు బాగుచేసే సంస్థలో టెక్నీషియన్‌గా పనిచేశాను. ఇక్కడికొచ్చాక రోజువారీ పని బైకు తాళాలు, బీరువాలు, తుప్పుపట్టిన షట్టర్లు. అంకెలు తిప్పి తెరిచే పాత కాంబినేషన్ సేఫు ఏడాదికి ఒకటి తగిలితే గొప్ప. తగిలిందంటే మిగతా పనులన్నీ పక్కన పడేసేవాణ్ని.

శనివారం పొద్దున్నే దుకాణం తెరుస్తుంటే ఒకావిడ గొడుగు ముడిచి మెట్ల మీద నిలబడింది. పేరు వరలక్ష్మి. ముప్పై మూడేళ్లుంటాయి. కె.కోటపాడు వెళ్లే దారిలో వాళ్ల ఊరు.

"ఇనప్పెట్టె తెరవాలండి. తాళంచెవి ఉండదు, అంకెలు తిప్పేది. నెంబరు మా మావయ్యకొక్కరికే తెలుసు. ఆయన పోయి రెండు నెల్లయింది."

"లోపల ఏటున్నాయమ్మా?"

"నా సర్టిఫికెట్లండి. నర్సింగువి. సోమవారం పదింటికి వైజాగ్‌లో వెరిఫికేషన్. ఒరిజినల్స్ సూపించకపోతే పేరు కొట్టేస్తారంట."

పెళ్లికి ముందే ఆమె మూడేళ్ల నర్సింగు కోర్సు పూర్తిచేసింది. కాపురానికొచ్చిన వారానికే మావగారు ఆ కాగితాలు అడిగి తీసుకుని, పొలం పత్రాలతోపాటు పెట్టెలో పెట్టి తాళం తిప్పేశాడు. ఉద్యోగం చేస్తానంటే "ఇంటి కోడలు ఊరోళ్ల పుళ్లు కడుగుతాదేటి?" అన్నాడట. పదకొండేళ్లు ఆమె వాటిని కళ్లతో చూడలేదు. రెండున్నరేళ్ల కింద, చెరకు కోతల రోజుల్లో భర్త నూకరాజు సైకిలు మీద వస్తుంటే ట్రాక్టరు గుద్ది చనిపోయాడు. అప్పటినుంచి ఆమె మిషను కుడుతూ, కలుపు పనులకు వెళ్తూ ఇల్లు నడుపుతోంది. మావగారు పోయాక ధైర్యం చేసి, దగ్గరున్న జిరాక్సులతో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. జాబితాలో పేరొచ్చింది.

"డూప్లికేట్లు తీసుకోలేకపోయారా?"

"వాటికీ అర్జీ పెట్టేనండి. నెలలు పడతాదంటన్నారు. మా ఊర్లో గ్యాస్ కట్టరుతో కోసేద్దామన్నారు. నాకు భయమేసి మీ దగ్గరకొచ్చేను."

ఆమె భయం మంచిదే అయింది. గ్యాసుతో కోస్తే నిప్పురవ్వలు లోపల పడి కాగితమనేది మిగలదు. డ్రిల్లు వేద్దామంటే తాళం ముందు గట్టి ఉక్కు పలక ఉంటుంది. దానికి తగిన బిట్లు తెప్పించేసరికి సోమవారం దాటిపోతుంది. మిగిలింది ఒక్కటే దారి. దాన్ని మా పనిలో మానిప్యులేషన్ అంటారు. నెంబరు తెలియకుండా, తాళం చెడకుండా, చేత్తో తిప్పుతూ నెంబరు కనుక్కోవడం.

పెట్టె నడిమింట్లో ఉంది. నా గుండెల ఎత్తు, నల్లరంగు, మధ్యలో సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా గీతలున్న ఇత్తడి డయల్. బెల్లం వ్యాపారం చేసిన రోజుల్లో నూకరాజు ముత్తాత కొన్నాడట. ఇలాంటి తాళం లోపల మూడు చక్రాలుంటాయి. ఒక్కో చక్రానికి ఒక గాడి. మూడు గాళ్లూ ఒక వరసకొస్తే పైనున్న ఇనుప కడ్డీ అందులోకి దిగుతుంది, అప్పుడు తలుపు పిడి తిరుగుతుంది. మూడు గాళ్లకు మూడు అంకెలు. సినిమాల్లో చెవి ఆనించి వింటారు గానీ ఇది వేళ్ల పని, కాగితం పని. డయల్‌ను కొంచెం కొంచెం జరుపుతూ, లోపలి కడ్డీ ఎక్కడ తగులుతుందో వేలితో పట్టి, గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. చుక్కలు ఎక్కడ కిందికి దిగితే అక్కడ గాడి ఉన్నట్టు.

నేను పనిలో కూర్చున్నాక వంటింటి గడప మీద ఒక పెద్దావిడ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. వరలక్ష్మి అత్తగారు, అప్పలనర్సమ్మ. నన్ను పలకరించలేదు. నేను డయల్ తిప్పుతున్నంతసేపూ ఆమె తల ఎత్తలేదు.

శనివారమంతా కష్టంగా గడిచింది. లోపలి గ్రీజు ఎండి బంకలా అయింది. చక్రాలు అరిగిపోయాయి. ఒకే చోట మూడుసార్లు చూస్తే మూడు రకాలుగా తగిలేది. చీకటిపడేలోగా ఒక అంకె తేలింది, ముప్పై ఎనిమిది. ఆదివారం పొద్దున్నే మళ్లీ వెళ్లి కూర్చున్నాను. పదకొండింటికి రెండోది, డెబ్బై ఒకటి. మూడోది చుక్కల్లో ఎక్కడా కనబడలేదు.

రెండు అంకెలు చేతిలో ఉంటే, మూడోదాన్ని ఒక్కొక్కటే తిప్పి చూసుకుంటూ పోవచ్చు. ఏది ముందో ఏది వెనకో తెలియదు కాబట్టి అన్ని వరసలూ చూడాలి. మూడు గంటలు పట్టే చాకిరీ. కానీ నాకు ఆ రెండు అంకెల మీదే నమ్మకం పోయింది. అరిగిన చక్రాలు నన్ను మోసం చేశాయనుకున్నాను. నడుం పట్టేసింది. బ్యాంకు సేఫులు తెరిచినవాణ్ని, ఒక పల్లెటూరి పెట్టె ముందు ఓడిపోతున్నాననే ఉక్రోషం కూడా ఉంది.

మధ్యాహ్నం కాస్త వెలుగొచ్చి కిటికీలోంచి డయల్ మీద పడింది. దాని పిడి అంచున జారకుండా చెక్కిన సన్నని గాట్లలో పసుపు కనబడింది. పూజ చేసిన పసుపేమో అనుకున్నాను.

"బొట్లు తలుపు మీద పెడతామండి. దానికెవరు పూస్తారు?" అంది వరలక్ష్మి.

"మావగారు కాకుండా ఇంకెవరైనా దీన్ని తెరిచేవారా?"

"ఎవరూ తెరవనేదండి. నాలుగేళ్లు ఆయనకి కుడిపక్క పడిపోయి ఉంది. దీని జోలికెవరూ ఎల్లనేదు."

నాలుగేళ్లుగా ఎవరూ ముట్టని పిడికి పసుపెలా వచ్చింది? వంటింటి వైపు చూశాను. అప్పలనర్సమ్మ చేతి వేళ్లు, గోళ్ల చుట్టూ, పసుపుపచ్చగా ఉన్నాయి.

తొమ్మిదేళ్ల కూతుర్ని పక్కింటి నుంచి తీసుకురావడానికి వరలక్ష్మి వెళ్లింది. నేను లేచి గడప దగ్గరకెళ్లాను.

"అమ్మా, పెట్టె తెరవడం మీకొచ్చు కదూ?"

చేటలో ఆమె చెయ్యి ఆగిపోయింది. "నాకేటి తెలుసు బాబూ. అంకెలు రానిదాన్ని."

"అంకెలు రాకపోయినా చేతికి అలవాటవుతాది."

"అడక్కు నాయినా. నీకు దణ్ణం ఎడతాను, అడక్కు."

ఆమె నిజంగానే చేతులు జోడించింది. అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేదు.

"రేపు పదింటికి మీ కోడలు ఉత్త చేతుల్తో నిలబడాలి. మీ మనవరాలు గుంట తిండీ సదువూ అన్నీ ఆ ఉద్యోగం మీదే ఉన్నాయి. తెలిసీ మీరు నోరిప్పకపోతే ఆ గుంట గొంతు కోసినట్టే."

ఆ మాట అన్నది నేనే. మెత్తగా, నచ్చజెప్తున్నట్టు అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది. దొడ్లోకెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, పెట్టె ముందు చతికిలబడి కళ్లు మూసుకుంది. డయల్ పిడి పట్టుకుంది. చెయ్యి దానంతటది తిరిగింది. ఒకచోట ఆగింది, వెనక్కి తిరిగింది, మళ్లీ ఆగింది, మళ్లీ ముందుకి. ఒక్క తడబాటు లేదు. తర్వాత రెండు చేతులా తలుపు పిడి తిప్పి లాగింది. తలుపు తెరుచుకుంది. కలరా ఉండల వాసన గది నిండింది.

ఆమె లేవలేదు. అక్కడే గోడకానుకుని కూర్చుంది.

వరలక్ష్మి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. తెరిచిన తలుపునూ, అత్తనూ మార్చి మార్చి చూసింది. "అత్తా! నీకు తెలుసా?"

వరలక్ష్మి పత్రాల కింద నుంచి తన ఫైలు లాగింది. సర్టిఫికెట్లు ఉన్నాయి. అంచులు పురుగు కొట్టాయి గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. ఫైలుతోపాటు ఒక పోస్టు కవరు కింద పడింది. దాని మీద ఆమె పేరే ఉంది. ఎవరో చింపి తెరిచారు.

ఆమె నిలబడే చదివింది. కరోనా రోజుల్లో, ఎవరికీ చెప్పకుండా ఒకసారి దరఖాస్తు పెట్టి, జవాబు రాలేదనుకుని ఊరుకుందట. జవాబు వచ్చింది. ఉద్యోగానికి ఎంపికయ్యారనీ, వారం లోపల వచ్చి చేరమనీ అందులో ఉంది.

"ఇది ఎప్పుడొచ్చిందత్తా?"

అప్పుడు అప్పలనర్సమ్మ నోరు విప్పింది. ఎవరి మొహమూ చూడకుండా, నేలకేసి చెప్పింది.

"మీ మావ మంచాన పడ్డాక నాసేతే తెరిపించీవోడు. ఇటు తిప్పు, ఇంకాస్త, ఆపు, అనీవోడు. తెరిసినప్పుడల్లా నూకరాజు మీద ఒట్టేయించుకునీవోడు, ఎవులికీ సెప్పనని, తను సెప్పకుండా ముట్టనని. ఈ ఉత్తరం నాసేతే లోపలెట్టించేడు. సదివి సెప్పేడు, నీకు ఉద్యోగం వచ్చిందని. నా పేనం ఊరుకోనేదే. ఆయన నిద్రోతంటే నేనే పెట్టె తెరిసి తీసేను. బియ్యం డబ్బాలో దాసేను, నువ్వు పొలం నుంచి వస్తే ఇద్దారని."

"మరి ఇవ్వలేదేం?"

"నువ్వు రాకముందే కబురొచ్చింది. నూకరాజుని ట్రాక్టరు గుద్దిందని." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్లీ అంది: "తీసుకెల్లి పెట్టెలోనే ఎట్టేసేను. దినాలయ్యేక మీ మావ మల్లీ పెట్టె తెరిపించేడు. అప్పుడు గుంట మీద ఏయించుకున్నాడు ఒట్టు."

నా చేతిలో ఉన్న గళ్ల కాగితాన్ని ఏం చేయాలో నాకు తోచలేదు.

వరలక్ష్మి ఏడవలేదు. అత్త ముందు కూర్చుని, ఆమె చేతులు పట్టుకుని, రోగికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "అత్తా, ట్రాక్టరోడు తాగి తోలేడు. పోలీసులు రాసేరు కదా. నీ వల్ల కాదు."

"నీకు సదువుంది. నువ్వలగే అంటావు," అంది అప్పలనర్సమ్మ.

వెళ్లేముందు, అలవాటుగా, తలుపు లోపలివైపు తాళం మూత విప్పి చక్రాలు చూశాను. ముప్పై ఎనిమిది. డెబ్బై ఒకటి. చివరిది పదిహేను. పదకొండు గంటలకే నా దగ్గరున్న రెండూ సరైనవే. ఆవిడను అడిగే బదులు ఇంకో మూడు గంటలు కూర్చుని ఉంటే, సాయంత్రంలోగా పెట్టె నా చేతిలోనే తెరుచుకునేది. ఒట్టు ఒట్టుగానే ఉండేది.

మూత బిగించి వచ్చేశాను.

సోమవారం వెరిఫికేషన్‌లో సర్టిఫికెట్లు చూసి సరే అన్నారట. కానీ నర్సుల రిజిస్ట్రేషను ఇన్నేళ్లుగా రెన్యువల్ కాలేదు. గడువు అడిగితే ఇవ్వలేదు, ఉద్యోగం జాబితాలో తర్వాతి వారికి పోయింది. ఆ రెన్యువల్ పనులన్నీ పూర్తిచేసుకుని, ఆమె అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది.

ఈ సంగతులన్నీ నాకు కార్తీకమాసంలో తెలిశాయి. బస్సు కోసం వచ్చి, నన్ను చూసి వరలక్ష్మి దుకాణం దగ్గర ఆగింది. "మీ అత్తగారు ఎలగున్నారమ్మా?" అని అడిగాను.

పెట్టె తెరిచిన వారం తిరక్కుండానే పిల్లకు జ్వరం వచ్చిందట. ఆ వానల్లో ఊళ్లో సగం ఇళ్లలో జ్వరాలే. పిల్లను అయిదు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. అప్పలనర్సమ్మ జ్వరం వచ్చిన రోజునే అన్నం మానేసింది. పిల్ల ఇంటికొచ్చి ఆడుకుంటున్నా తినలేదు.

"నేనుంటే దానికి మల్లీ వస్తాది అనేదండి. బతిమాలేను, తిట్టేను, సెలైన్ కూడా పెట్టేను. పీకేసింది. నేను నర్సునండి. నా కళ్లముందే పోయింది." బస్సు వచ్చే వైపు చూస్తూ, "మీ తప్పేటీ నేదండి. మీరు నా కోసమే అడిగేరు," అంది. అనకాపల్లి బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది.

ఆ మూడు గంటల సంగతి ఆమెకు నేను చెప్పలేదు. ఇది రాసేదాకా ఎవరికీ చెప్పలేదు.

విశాఖలో నాకు పని నేర్పిన పెద్దాయన, తాళం ముట్టుకునే ముందు ఇంట్లోవాళ్లను అడగమనేవాడు. అది మంచి పాఠమే, ఇప్పటికీ అడుగుతాను. ఒక్కసారే అడుగుతాను. ఎవరైనా తల తిప్పుకుంటే ఇక రెండో మాట అనను, వచ్చి డయల్ ముందు కూర్చుంటాను. ఎన్ని గంటలైనా, ఎన్ని రోజులైనా. తాళంతో ఎంత మొండిపట్టు పట్టినా దానికి నొప్పి ఉండదు.