కలబెట్టి చూసి తినే మసాలా పూరి

ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా... మసాలా పూరి అనగా పూరీలను చిదిమి, వాటి మీద పొగలు కక్కే బఠాణీ రసం పోసి, ఉల్లిపాయ, క్యారెట్ తురుము చల్లి ఇచ్చునది. చల్లటి పుల్లనీళ్లు పోసి "ఇదే అది" అని నమ్మబలికేవాణ్ణి నేను బతికున్నంతకాలం అనుమానిస్తాను. ఇదే తుది తీర్పు. అప్పీలు లేదు.

మా చిన్నప్పుడు... కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, కోరమండల్ అనే పేటలో, కూలీల లైన్ ఇళ్లలో ఉండేవాళ్లం. గనిలో షిఫ్టు దిగే సైరన్ కూయగానే, సందు మొగదల మసాలా పూరి బండివాడు రసం కుండ మీద మూత తీసేవాడు. కూత, ఘుమఘుమ రెండూ ఒకేసారి వచ్చేవి. ఆ వాసన సైరన్‌లోంచే వస్తుందని నాకు చాలాకాలం అనుమానం...

మా నాన్న గనిలో దిగే మనిషి. పైకొచ్చాక గేటు దగ్గర తనిఖీ. బంగారం గని కదా... చొక్కా విప్పించి, చెప్పులు దులిపించి, చివరికి అన్నం డబ్బాలో మిగిలిన సంగటి ముద్దను కూడా చెంచాతో అడుగుదాకా పొడిచి చూసేవారు. ఏళ్ల తరబడి చూపించుకుని చూపించుకుని, మా నాన్నకూ అదే రోగం పట్టుకుంది. పూరి ప్లేటు చేతికి రాగానే అడుగు నుంచి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి కలబెట్టి, చెంచా ఎత్తి వెలుతురులో చూసేవాడు.

"బఠాణీలే ఉండాయి, బంగారం లేదు... తినొచ్చు" అని అప్పుడు నోట్లో పెట్టుకునేవాడు.

మా చెల్లెలి ప్లేటుకు నేనే గేటు కాపలావాణ్ణి. తనిఖీ చేసినందుకు ఒక పూరి ముక్క జప్తు. అది ఏడ్చేది. ఏం చేస్తాం... చట్టం చట్టమే!

తర్వాత గనిలో పనులు తగ్గిపోయాయి. ఎవరో తెలిసినవాళ్లు పిలిస్తే మూటాముల్లె సర్దుకుని బెజవాడ చేరాం. నాన్నకు ఒక గోడౌన్‌లో కాపలా పని. ఆ ఊరంతా పునుగులు, బజ్జీలు... మసాలా పూరి మాత్రం మేము తిరిగిన వీధుల్లో లేదు. నాన్న ఒకసారి పునుగుల బండి దగ్గర ఒక్కో పునుగూ తుంచి లోపలికి చూశాడు.

"దీంట్లో ఏముండాదప్పా?"

"ఏం లేదండి, పిండేనండి."

"ఏమీ లేనిదానికి దుడ్లెందుకప్పా?"

నవ్వు తర్వాత సంగతి... ఆ ఊరొచ్చాక మా నాన్న ఏదీ ఇష్టంగా తినలేదు. చొక్కాలన్నీ వదులైపోయాయి. పెట్టింది మింగి లేచిపోయేవాడు. "ఈ మనిషి నోట్లోంచి ఇంగొంచెం పెట్టు అనే మాట ఒక్కసారన్నా ఇనాల రా" అనేది అమ్మ. దేవుడికి మొక్కింది కూడా.

అలాంటి రోజుల్లో, గోడౌన్ రోడ్డులో ఒక కొత్త బండి కనబడింది. ఎర్ర అక్షరాలతో "కోలార్ మసాలా పూరి" అని రాసి ఉంది. ఇంటికి పరుగెత్తాను.

"బెజవాడలో కోలారా? ఎవడో మోసగాడు రా" అన్నాడు నాన్న, పడుకున్నవాడు లేవకుండానే. అమ్మ చెయ్యి పట్టి లాగితే గానీ కదల్లేదు. బండి దగ్గర విచారణ మొదలైంది.

"యాడప్పా మీది?"

"కోలారన్నా."

"కోలార్ శానా పెద్దది. కోలార్లో యాడ?"

"బూదికోట."

"బూదికోటలో ఎవరింటోళ్లు? కోటకి మీ ఇల్లు ఏ పక్క ఉండాది? సేన్లో ఏం పెడతారు?"

బండివాడు గరిటె కింద పెట్టాడు. "అన్నా... పూరి తినేకొచ్చినావా, నాకు పిల్లనిచ్చేకొచ్చినావా?"

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఊళ్లో ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. నాన్న మాత్రం నవ్వలేదు. ప్లేటు అందుకున్నాడు. కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి... చెంచా ఎత్తి బండి లైటుకు ఎదురుగా పెట్టి చూశాడు.

బండివాడి ముఖం మారిపోయింది.

"అన్నా... నువ్వు గనిలో దిగినోడివి కదా?"

"నీకెవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పాలనా? మా మామ గూడా గనిలోనే. అచ్చం ఇట్లే కలబెడతాడు. పెండ్లి పాయసాన్ని గూడా ఇడిసిపెట్టడు!"

నా తండ్రి ఒక మనిషిని అనుమానం లేకుండా చూడటం ఆ రోజే చూశాను. గబగబా తిన్నాడు. ఖాళీ ప్లేటు ముందుకు చాపి, "ఇంగొకటి పెట్టప్పా" అన్నాడు. అమ్మ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నేనుండే ఊళ్లో ఫోన్ నొక్కితే చాలు, మసాలా పూరి డబ్బాలో గుమ్మం దాకా వస్తుంది. మూత తీసి అడుగుదాకా కలబెడతాను. "ఏం పోయింది డాడీ, ఏం వెతుకుతున్నావ్?" అంటుంది మా అమ్మాయి.

ఊరు మారాక మీకు దొరక్కుండా పోయిన తిండి ఏమిటో కింద రాయండి. మీ మాటల్ని కూడా కలబెట్టి చూశాకే నమ్ముతాను, ఏమనుకోకండి.

ముందు నిన్ను కలబెట్టాలి అంటారా... సరే, దొరికిపోయాను. అంతా నిజమే, ఆ గబగబా తినడం, ఆ రెండో ప్లేటు తప్ప. అవి నేను కల్పించినవి. నాన్న ఒక్క చెంచా తిని, ఏదో వినబడాలన్నట్టు కాసేపు ఆగి, ప్లేటు నా చేతిలో పెట్టేశాడు.

"అన్నీ సరిగ్గానే ఉండాయి రా... కూతే లేదు" అన్నాడు.

గని మూతబడింది. ఆ కూత ఇప్పుడు కోరమండల్‌లోనూ లేదు.